వంశంలో ఉన్నది, పొగలో ఉన్నది

(నల్లగొండలో విద్యార్థులు, ఊరి పెద్దల ముందు ఒక ఊపిరితిత్తుల వైద్యుడు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ముందు వరుసల కుర్చీలు ఖాళీగ ఉన్నయి. అవ్వా, నువ్వు ఫ్యాన్ కింద కూసో. నేను కొంచెం మెల్లగనే మాట్లాడుత, వినపడకపోతే చెయ్యెత్తండి.

నా దగ్గరికి వచ్చేవాళ్లు రెండు మాటలు ఎప్పుడూ అంటరు. మొదటిది: "సార్, మా తాత పొద్దున లేస్తే చుట్ట, పండుకునే ముందు చుట్ట. తొంభై ఏండ్లు బతికిండు. ఏమైంది ఆయనకు?" రెండోది: "మా నాయినకు ఇదే వచ్చింది, మా చిన్నాయినకు ఇదే వచ్చింది. ఇగ నాకు రాక తప్పదు. తాగితే ఏంది, తాగకుంటే ఏంది?"

రెండు మాటలూ వంశం గురించే. రెండింటిలోనూ అబద్ధం లేదు. ఆ తాత నిజంగనే తొంభై ఏండ్లు బతికిండు. ఆ నాయినకు, చిన్నాయినకు నిజంగనే ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. కానీ ఆ రెండు నిజాల నుంచి మనం తీసుకునే తీర్మానం ఉన్నది చూడండి, అది తప్పు. రెండు చోట్లా తప్పే, రెండు చోట్లా చివరికి చేతిలోకి బీడీనే వస్తది. ఆ తప్పు ఎక్కడున్నదో చెప్పడానికే ఇయ్యాల నేను వచ్చిన.

నల్లగొండ మనుషులకు ఈ సంగతి నేను కొత్తగ చెప్పాల్నా? మర్రిగూడ పోండి, మునుగోడు పోండి. ఒకటే బోరు, ఒకటే ఫ్లోరైడ్ నీళ్లు. ఒకాయన నడుము వంగిపోయింది, మోకాళ్లు బిగుసుకపోయినయి. పక్కింటాయనకు పండ్ల మీద గార తప్ప ఏం లేదు. ఎందుకట్ల? ఎన్నేండ్లు తాగిండు, ఎండల కూలి పని చేసుకుంట ఎన్ని చెంబులు తాగిండు, కంచంలో పాలు పెరుగు ఉన్నయా లేవా, కిడ్నీలు ఎట్ల పని చేసినయి, పుట్టుకతో వచ్చిన ఒంటి తీరు ఎట్లున్నది, ఇవన్నీ కలిసినయి. అయితే ఏనాడన్న ఎవరన్న అన్నరా, "పక్కింటాయనకు ఏం కాలే కాబట్టి నీళ్లు మంచివే" అని? "ఫ్లోరైడ్ మా వంశంల ఉన్నది కాబట్టి కృష్ణా నీళ్లు వద్దు" అని? అనలే. నీళ్లు మార్చమని ఏండ్ల తరబడి కొట్లాడినం. నీటి విషయంలో మనకు అంత మంచిగ అర్థమైంది. పొగ విషయంలో ఎందుకు అర్థం కాలేదు?

సరే, అసలు విషయానికి వస్త. పిల్లలకు ఇది పాఠంలో ఉన్నదే, పెద్దల కోసం చెప్తున్న. మన ఒంట్లో ప్రతి కణంలో ఒక రాత ఉంటది. దాన్ని డీఎన్ఏ అంటరు. సుమారు 300 కోట్ల అక్షరాలు. అవి 23 జతల క్రోమోజోములుగ సర్దుకొని ఉంటయి. జతలో ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. ఇక్కడ కూర్చున్న ఎవరినన్న ఇద్దరిని తీసుకోండి, వెయ్యి అక్షరాల్లో 999 ఒకటే. ఆ మిగిలిన ఒక్కటి తేడా. అట్లాంటి తేడాలు లక్షల్లో ఉంటయి. వాటిలో చాలా వాటికి ఏ ఫలితమూ ఉండదు. కొన్ని ఒంటి రంగును మారుస్తయి, కొన్ని ఎత్తును మారుస్తయి, కొన్ని ఒక జబ్బు వైపు మనల్ని కొంచెం వంచుతయి.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగ వినండి. ఇంతకంటే ముఖ్యమైన మాట ఇయ్యాల నేను చెప్పను. డీఎన్ఏలో మార్పు రెండు తీర్ల ఉంటది. ఒకటి పుట్టుకతో వచ్చేది. తల్లి అండంలోనో తండ్రి వీర్యంలోనో ఉండి, మన ఒంట్లో ప్రతి కణంలోకి వస్తది, మన పిల్లలకూ పోవచ్చు. రెండోది మనం పుట్టినంక, బతుకు నడుమ, ఏదో ఒక కణంలో వచ్చేది. ఊపిరితిత్తిలో ఒక మూలన ఒక కణం చెడింది అనుకోండి, ఆ చెడు ఆ కణానిదీ దాని సంతానానిదీ. మన సంతానానిది కాదు.

ఇది ఎందుకింత ఒత్తి చెప్తున్నననంటే, ఈ మధ్య ఒక అమ్మాయి వచ్చింది. తల్లికి ఊపిరితిత్తుల క్యాన్సర్. తల్లి జన్మల బీడీ ముట్టింది కాదు. హైదరాబాదులో గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. రిపోర్టు వచ్చింది. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పాస్‌బుక్ నడుమ దాచుకొని తెచ్చింది. తీసి టేబుల్ మీద పెట్టి ఒక గీత మీద వేలు పెట్టింది. అక్కడున్నది: ఈజీఎఫ్ఆర్, ఎక్సాన్ 19 డిలీషన్, పాజిటివ్. "సార్, ఇది జీన్ అంట గదా. నెట్‌లో చూసిన. నాకు ఇద్దరు పిల్లలు. నాకూ వస్తదా, వాళ్లకూ వస్తదా?" మూడు రోజుల నుంచి అన్నం తినలేదంట. పెనిమిటికి కూడ చెప్పలేదంట.

అమ్మా, ఆ పరీక్ష మీ అమ్మ గడ్డకు చేసిన్రు, మీ వంశానికి చేయలే అని చెప్పిన. ఈజీఎఫ్ఆర్ అనేది కణం పెరగాల్నా ఆగాల్నా అని చెప్పే ఒక మీట లాంటి జన్యువు. గడ్డలో అది "పెరుగు" దగ్గర ఇరుక్కుపోయింది. ఆ ఇరుక్కున్నది గడ్డలోనే. రక్తంలో తెల్లకణాలు తీసి చూస్తే ఆ మార్పు ఉండదు, బిడ్డకు రాదు. ఇంకో మాట కూడ చెప్పిన: ఈ మార్పు దొరకడం ఒక రకంగ మంచిదే. ఎందుకంటే దీనికి గోళీలు ఉన్నయి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఇప్పుడు ఒసిమెర్టినిబ్. మన దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో అడినోకార్సినోమా అనే రకం వచ్చినవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి, కొన్ని చోట్ల ఇంకా ఎక్కువ మందికే ఈ మార్పు కనపడుతది. పొగ తాగని ఆడవాళ్లలో మరీ ఎక్కువ. ఆ రిపోర్టు డాక్టరు మందు ఏరుకోవడానికి. అది జాతకం కాదు.

మీ ఇండ్లల్ల, మీ చుట్టాల ఇండ్లల్ల ఇట్లాంటి కాగితం ఉంటే, దయచేసి ఈ ఒక్క సంగతి వాళ్లకు చెప్పండి. ఇట్ల పిల్లల గురించి భయపడి నిద్ర లేకుండ ఉన్నవాళ్లు ఎంతమంది ఉన్నరో!

మరి పుట్టుకతో వచ్చేది అసలు లేదా? ఉన్నది. దాని సంగతి చూద్దాం.

1963లో అమెరికాలో టొకుహాటా, లిలియెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని చేసిన్రు. ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్ల అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు, తల్లిదండ్రులను ఒక దిక్కు, రానివాళ్ల చుట్టాలను ఇంకో దిక్కు పెట్టి పోల్చిన్రు. రోగుల చుట్టాలలో ఈ క్యాన్సర్ ఎక్కువ కనపడ్డది, పొగ తాగని చుట్టాలలో కూడ. అక్కడి నుంచి మొదలైంది ఈ వెతుకులాట. ఆ తర్వాత ఎన్నో దేశాల లెక్కలు కలిపి చూస్తే, తల్లికో తండ్రికో తోడబుట్టినవాళ్లకో వచ్చి ఉంటే మనకు వచ్చే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లు అని తేలింది. డెన్మార్క్, ఫిన్‌లాండ్, నార్వే, స్వీడన్‌ల కవల పిల్లల లెక్కలు చూసి 2016లో చెప్పింది ఏందంటే, ఈ క్యాన్సర్ విషయంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో వంశం వాటా 18 శాతం దాకా. అంటే వంశం వాటా ఉన్నది, కానీ పెద్ద భాగం బయటిది.

ఒకటిన్నర రెట్లు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. పొగ తాగేవాళ్లకు, తాగనివాళ్లకు నడుమ తేడా ఎంతో తెలుసా? 15 నుంచి 30 రెట్లు. ఒకటిన్నర ఒక దిక్కు, 15 నుంచి 30 ఒక దిక్కు. "వంశంల ఉన్నది, తాగితే ఏంది" అన్న ఆయనకు నేను చూపించేది ఈ రెండు అంకెలే.

ఇంక 2008. ఆ ఏడాది ఏప్రిల్‌లో మూడు జట్లు, ఐస్‌లాండ్ వాళ్లు, ఫ్రాన్సులోని లియాన్ నుంచి నడిచిన జట్టు, అమెరికాలో టెక్సాస్ వాళ్లు, ఎవరికి వాళ్లు వేలమంది డీఎన్ఏ వెతికి ఒకటే చోటికి వచ్చి ఆగిన్రు. 15వ క్రోమోజోము మీద ఒక చోటు. అక్కడున్న జన్యువులు ఏం చేస్తయి? అవి ఊపిరితిత్తుల జన్యువులు కావు. నికోటిన్ వచ్చి కూర్చునే పీటలను తయారుచేసే జన్యువులు. మెదడులో నరాల మీద ఉండే పీటలు. ఊపిరితిత్తుల క్యాన్సర్ కోసం వెతుక్కుంట పోతే మెదడు దొరికింది. ఎంత వింత చూడండి!

వాటిలో ఒక జన్యువు పేరు సీహెచ్ఆర్ఎన్ఏ5. పేరు మరిచిపోండి, పని గుర్తు పెట్టుకోండి. నికోటిన్ ఎక్కువైతే మెదడు "ఇగ చాలు" అంటది. వికారం పుట్టిస్తది. కొత్తగ బీడీ తాగిన పిలగానికి తల తిరిగి కక్కు వస్తది చూసిన్రా, అట్లాంటి విముఖత. ఆ "చాలు" అనే మాట చెప్పడంలో ఈ జన్యువుకు భాగం ఉన్నది. 2011లో ఎలుకల మీద చూసిన్రు. ఈ జన్యువు తీసేసిన ఎలుకలు, మామూలు ఎలుకలు వద్దనుకున్నంత నికోటిన్ దగ్గర కూడ ఆగలే, ఇంకా కావాలన్నయి. మనుషుల్లో ఒక అక్షరం తేడా ఉన్నవాళ్లకు ఆ "చాలు" మెల్లగ వినపడుతది.

దీన్ని మీరు కండ్లతో చూడొచ్చు. బస్టాండ్ దగ్గర ఇద్దరు బీడీ తాగుతున్నరనుకోండి. ఇద్దరూ రోజుకు ఒక కట్టే. ఒకాయన ముట్టించి, రెండు దమ్ములు గుంజి, మాటల్లో పడి మరిచిపోతడు, బీడీ ఆరిపోతది. ఇంకొకాయనను చూడండి. చెంపలు లోపలికి పోయేటట్టు గుంజుతడు. గుంజి ఆపుతడు. లోపలనే పట్టుకొని ఉంటడు. వేలు కాలే దాక వదలడు. లెక్కకు ఇద్దరివీ ఒకటే బీడీలు. లోపలికి పోయిన పొగ ఒకటి కాదు. రక్తంలో నికోటిన్ విరిగితే వచ్చే కోటినిన్ అనే పదార్థం కొలిచి చూసిన్రు. ఆ అక్షరం తేడా ఉన్నవాళ్లకు, అన్నే సిగరెట్లు తాగినా, అది ఎక్కువ ఉన్నది.

తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క దిక్కు నుంచి ఆ అక్షరం వస్తే, తాగేవాళ్లలో క్యాన్సర్ అవకాశం సుమారు 30 శాతం పెరుగుతది. రెండు దిక్కుల నుంచీ వస్తే సుమారు 80 శాతం. జన్మంతా తాగినవాళ్లు వందమందిలో 15 మందికి వస్తదనుకుంటే, ఒక్క అక్షరంతో అది ఇంచుమించు 20 అయితది. తక్కువేం కాదు. అయితే ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుత. అదే అక్షరం ఉండి, జన్మల పొగ తాగనివాళ్లకు ఎంత పెరిగింది? దాదాపు ఏం పెరగలే. జన్యువు ఉన్నది, తాత ఇచ్చిండు, నాయిన ఇచ్చిండు, ఒంట్లో ప్రతి కణంలో ఉన్నది. అగ్గిపుల్ల గీయకపోతే దానికి ఇక్కడ పనే లేదు.

ఇట్ల ఉంటదా అని అనుమానం వస్తే మన తెలుగువాళ్లదే ఇంకొక ఉదాహరణ ఉన్నది. మన ఆర్యవైశ్య కుటుంబాలలో కొంతమందికి సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ. వేరేవాళ్లతో పోలిస్తే సుమారు వంద రెట్లు ఎక్కువగ కనపడుతదని లెక్క. హైదరాబాదులో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 పరిశోధనలో దీని ప్రస్తావన ఉన్నది. ఆ మనిషి పుట్టి పెరిగి పెండ్లి చేసుకొని మనుమలను ఎత్తుకున్నా దానితో ఏ ఇబ్బందీ లేదు. ఒక్కసారి ఆపరేషన్ బల్ల ఎక్కి, కండరాలు సడలే ఒక రకం మత్తు మందు సూది పడితే మాత్రం, నిమిషాల్లో దిగాల్సిన మందు గంటలు దిగదు, తనంత తాను శ్వాస తీసుకోలేడు. ముందుగ చెప్పుకుంటే డాక్టరు వేరే మందు వాడుతడు, అంతే. జన్యువు, బయటి పదార్థం, ఈ రెండూ కలిస్తేనే ఆపద. విడివిడిగ ఉంటే ఏం లేదు.

ఇక్కడ ఒక పాత తగాదా గురించి చెప్పాలె. 1950లో ఇంగ్లండులో డాల్, హిల్ అనే ఇద్దరు సిగరెట్టుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉన్నదని లెక్కలతో చూపించిన్రు. దాన్ని ఒప్పుకోనివాళ్లలో ఒకాయన చిన్నవాడు కాదు. రోనాల్డ్ ఫిషర్. సంఖ్యాశాస్త్రానికి పునాదులు వేసిన మనిషి. మన సి.ఆర్. రావు గారు, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన రావు గారు, కేంబ్రిడ్జిలో ఈయన దగ్గరనే డాక్టరేట్ చేసిండు. అంతటి ఫిషర్ ఏమన్నడు? కొంతమందికి పుట్టుకతో ఒక జన్యువు ఉంటది, అదే పొగ మీదికి మనసు లాగుతది, అదే క్యాన్సరూ తెస్తది, నడుమ సిగరెట్టుకు పాపం లేదు అన్నడు. 1958లో రాసిండు. ఆయన పైపు తాగుతుండె. పొగాకు కంపెనీల కమిటీకి సలహాదారుగ కూడ ఉండె.

మరి 2008లో పొగ మీదికి లాగే జన్యువు దొరికింది గదా, ఫిషర్ చెప్పింది నిజమైనట్టేనా? ఆలోచించండి. ఆయన మాట నిజమైతే, ఆ జన్యువు ఉన్నవాళ్లకు తాగకపోయినా క్యాన్సర్ ఎక్కువ రావాలె. రాలే. ఆయన మాట నిజమైతే, పొగ మానినా లాభం ఉండొద్దు, జన్యువు అక్కడనే ఉన్నది గదా. కానీ మానిన పదేండ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు సగానికి పడుతది. అంత గొప్ప మనిషి అడిగిన ప్రశ్న మంచిదే, జవాబే తప్పు. నాకు బాధ ఎక్కడంటే, ఆ తప్పు జవాబునే డెబ్బై ఏండ్ల తర్వాత మనం రచ్చబండ మీద కూర్చొని "రాసిపెట్టి ఉంటే వస్తది" అని మళ్ల చెప్తున్నం.

పొగ లోపలికి పోయినంక ఏం చేస్తది? పొగాకు పొగలో క్యాన్సర్ తెచ్చే పదార్థాలు 70 దాక ఉన్నయి. వాటిలో బెంజోపైరీన్ అనేది ఒకటి. మన ఒళ్లే దాన్ని బయటికి పంపబోయి మారుస్తది, ఆ మార్చినప్పుడు పుట్టిన రూపం పోయి డీఎన్ఏకు అతుక్కుంటది. రోజుకు ఒక ప్యాకెట్ చొప్పున ఏడాది తాగితే, ఊపిరితిత్తిలో ఒక్కొక్క కణంలో సగటున 150 మార్పులు పడుతయని 2016లో లెక్క కట్టిన్రు. ఏడాదికి 150! ఇక్కడ కూడ పుట్టుకకు పాత్ర ఉన్నది. విషాన్ని విరిచే ఎంజైములు కొందరికి చురుకు, కొందరికి మందం. చెడిన డీఎన్ఏను బాగుచేసే జన్యువులు కూడ అంతే. రొమ్ము క్యాన్సర్‌తో ముడిపెట్టి మీరు విన్న బీఆర్‌సీఏ2 ఉన్నది చూడండి, దానిలో అరుదుగ వచ్చే ఒక మార్పు ఉంటే, పొగ తాగేవాళ్లలో స్క్వామస్ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రెట్టింపు కంటే ఎక్కువ అయితదని 2014లో తేలింది.

బీడీలో పొగాకు తక్కువ, ఆకు సహజం గదా అని కొందరంటరు. తునికాకు ఆరిపోకుండ ఉండాలంటే మాటిమాటికి గుంజాలె. ఆ గుంజుడుతో తారు, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టు కంటే తక్కువేం రావు. ఊపిరితిత్తులకు బీడీ, సిగరెట్టు, చుట్ట అన్నీ ఒకటే.

ఇప్పుడు ఆడవాళ్లు అడుగుతరు. మేము తాగం గదా, మాకెందుకు వస్తున్నది? చాలా న్యాయమైన ప్రశ్న. పొగ తాగని ఆసియా ఆడవాళ్ల మీద తైవాన్, చైనా, కొరియా, జపాన్ వాళ్లు కలిసి పెద్ద పరిశోధనలు చేసిన్రు. వాళ్లకు దొరికిన వాటిలో ముఖ్యమైనది 5వ క్రోమోజోము మీద, టెర్ట్ అనే జన్యువు దగ్గర. క్రోమోజోము కొసలు కణం చీలినప్పుడల్లా కొంచెం కొంచెం అరుగుతయి. ఆ కొసలను మళ్ల అతికే ఎంజైమును చేసేది ఈ జన్యువు. కొసలు పొడుగుగ ఉంటే కణం ఎక్కువ కాలం బతుకుతది. వినడానికి మంచిగనే ఉన్నది. కానీ ఎక్కువ కాలం బతికే కణానికి చెడడానికి కూడ ఎక్కువ వ్యవధి దొరుకుతది. ఇది పొగతో పని లేకుండ పనిచేసే వంశపు వాటా. చిన్న వాటానే, కానీ ఉన్నది.

దానికి తోడు మన ఇండ్లల్ల ఏం కలిసింది? కట్టెల పొయ్యి. ఇప్పుడు గ్యాస్ వచ్చింది గానీ, ఇయ్యాల అరవై దాటిన అవ్వలు నలభై ఏండ్లు ఊదుగొట్టంతో ఊదినవాళ్లే. ఇంటాయన తాగి వదిలిన పొగ పీల్చినవాళ్లే. పాలమూరు దిక్కు పోతే ఇంకొకటి. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. సొరంగాలు తవ్విన్రు, రాయి కొట్టిన్రు, క్రషర్లలో పనిచేసిన్రు. రాయి దుమ్ములో సిలికా ఉంటది. అది ఊపిరితిత్తిని గట్టిగ చేస్తది, క్యాన్సర్ కూడ తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది. ముఖానికి కట్టుకున్న తువ్వాల ఆ సన్నటి దుమ్మును ఆపదు, ఇది కూలికి పోయే ప్రతి పిలగానికి చెప్పాలె. పెద్దగట్టు, లంబాపూర్ దిక్కు, నల్లమల దిక్కు యురేనియం తవ్వకం వద్దని జనం కొట్లాడిన్రు, 2019లో నల్లమల తవ్వకానికి వ్యతిరేకంగ శాసనసభ తీర్మానం కూడ చేసింది. యురేనియం నుంచి పుట్టే రేడాన్ వాయువు గని కార్మికులలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తెచ్చిన సంగతి ఎన్నో దేశాల్లో రుజువైంది. దానికి తోడు బీడీ ఉంటే ముప్పు ఇంకా పెరుగుతది. క్రషర్ దగ్గర పనిచేసేటాయన ఒకటికి రెండుసార్లు ఆలోచించాల్సింది అందుకే.

నిజంగ ఒక్క మార్పుతోనే వంశంలో దిగే ఊపిరితిత్తుల క్యాన్సర్ లేదా అంటే, ఉన్నది, చాలా అరుదు. ఇందాక ఈజీఎఫ్ఆర్ చెప్పిన గదా, దానిలోనే టీ790ఎం అనే మార్పు ఉన్నది. మామూలుగ అది జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ లాంటి గోళీలు వాడినంక గడ్డలో పుడుతది, ఆ గోళీలు పనిచేయకుండ చేస్తది. కానీ 2005లో ఒక కుటుంబంలో అది పుట్టుకతోనే ఉన్నట్టు, ఇంట్లో చాలామందికి క్యాన్సర్ వచ్చినట్టు చూసిన్రు. కాబట్టి మందు మొదలుపెట్టక ముందే, మొట్టమొదటి ముక్క పరీక్షలోనే టీ790ఎం కనపడితే మాత్రం డాక్టరును అడగండి, ఇది పుట్టుకతో వచ్చిందా అని. అప్పుడు రక్తం పరీక్షకు అర్థం ఉన్నది. ఇంట్లో చిన్న వయసులోనే ఒకరికి రొమ్ము, ఒకరికి ఎముక, ఒకరికి మెదడు క్యాన్సర్ వచ్చి ఉంటే టీపీ53 అనే జన్యువును అనుమానించాలె. ఈ రెండు మూడు సందర్భాలు తప్పితే, ఉమ్మి పంపించండి, ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తదో రాదో చెప్తం అనేవాళ్లకు వేలు పోయకండి.

ఎందుకు వద్దంటున్న? 2017లో 29 వేల మంది రోగుల డీఎన్ఏ చూసి ఈ క్యాన్సర్‌తో ముడిపడ్డ 18 చోట్లు గుర్తించిన్రు. ఆ రోగులు ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లు. ఇంకో దిక్కు తూర్పు ఆసియా వాళ్లు. నడుమ మనం, 140 కోట్ల మందిమి, ఆ లెక్కలో దాదాపు లేము. ఆ 15వ క్రోమోజోము అక్షరమే తీసుకోండి, యూరప్ జనంలో మామూలుగ కనపడుతది, తూర్పు ఆసియాలో చాలా అరుదు. అక్కడి లెక్కతో ఇక్కడి మనిషికి జాతకం రాస్తే ఎట్ల? మన దేశంలో పదివేల మంది జన్యువులు చదివే జీనోమ్ ఇండియా పని 2020లో మొదలైంది, 2025 జనవరిలో ఆ సమాచారం పరిశోధకులకు అందింది. సీసీఎంబీ వాళ్లు కూడ అందులో ఉన్నరు. ఇక్కడ కూర్చున్న డిగ్రీ పిల్లల్లారా, మీలో ఎవరన్న ఆ పని అందుకోవాలె. మన ఊర్ల మనుషుల గురించి మనమే లెక్క తీయాలె.

మేనరికం గురించి చీటీ వచ్చింది. మేనమామ కూతురిని చేసుకుంటే ఈ క్యాన్సర్ పిల్లలకు ఎక్కువ వస్తదా? మేనరికంతో బయటపడేవి వేరే జబ్బులు. తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండు చెడు ప్రతులూ కలిస్తేనే వచ్చేవి, తలసీమియా లాంటివి. వాటికి మేనరికం నిజంగనే ముప్పు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇప్పటిదాక దొరికిన ముఖ్యమైన మార్పులు ఆ తీరువి కావు. ఒక్క ప్రతి ఉన్నా కొంత, రెండు ఉంటే ఇంకొంత.

ఇగ వంశంలో ఉన్నవాళ్లు ఏం చేయాలె? నేను నా దగ్గరికి వచ్చినవాళ్లకు చెప్పేదే మీకూ చెప్త. ఇంట్లో ఎవరికి వచ్చింది, ఏ వయసుకు వచ్చింది, తాగేవాళ్లా కాదా, ఏ రకం అని రాసి పెట్టుకోండి. పాత రిపోర్టులు కాల్చకండి, దినాలు కాంగనే అన్నీ పారేస్తరు, అట్ల చేయకండి. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోండి. మన దగ్గర ఎక్స్‌రేలో మచ్చ కనపడంగనే టీబీ అంటరు. చాలాసార్లు అది టీబీనే, మందులు నడుమ మానొద్దు. కానీ తెమడలో క్రిమి కనపడకుండనే మందులు మొదలై, నెల నెలన్నర వాడినా బరువు తగ్గుతూనే ఉంటే, తెమడలో నెత్తురు పడుతుంటే, అప్పుడు సీటీ స్కాన్ తీయమని అడగండి. ఇంట్లో ఒకరికి ఈ క్యాన్సర్ వచ్చిందని నోరు తెరిచి చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరు ఆలోచనను మారుస్తది. నా ఓపీలో ఎంతోమంది ఆ మాట చెప్పరు. పిల్లల పెండ్లి సంబంధాలు చెడుతయని దాస్తరు.

జబ్బు లక్షణం ఏదీ లేనివాళ్లకు తక్కువ రేడియేషన్ సీటీతో ముందుగ పట్టుకోవచ్చా? బాగా పొగ తాగినవాళ్లలో ఆ స్కాన్ ఏటేటా తీస్తే ఈ క్యాన్సర్ చావులు 20 శాతం తగ్గినయని అమెరికాలో 2011లో చూపించిన్రు. తైవాన్ 2022 నుంచి ఇంకొక అడుగు ముందుకేసి, తాగకపోయినా ఇంట్లో చరిత్ర ఉన్నవాళ్లకు కూడ సర్కారు ఖర్చుతో తీస్తున్నది. మన దగ్గర పాత టీబీ మచ్చలు ఎక్కువ కాబట్టి ఊరికే స్కాన్ తీస్తే భయం ఎక్కువ, ఫలితం తక్కువ అయ్యే ప్రమాదం ఉన్నది. అందుకే అందరూ పోయి తీయించుకోండి అని నేను చెప్పను. యాభై దాటి, ఏండ్ల తరబడి తాగి, ఇంట్లో చరిత్ర కూడ ఉన్నవాళ్లు మాత్రం ఒకసారి వచ్చి మాట్లాడండి.

ఇగ పొగ మానడం గురించి. "చాలు" అనే మాట మెల్లగ వినపడే మెదడు మీకు వచ్చి ఉంటే, మీకు మానడం పక్కాయన కంటే కష్టం. అది మీ పిరికితనం కాదు, ఇంట్లోవాళ్లు కూడ ఈ మాట వినాలె. తిట్టకండి, పొగ మానే మందులు ఇప్పించండి. నికోటిన్ చూయింగ్ గమ్ ఉన్నది, పట్టీలు ఉన్నయి, గోళీలు ఉన్నయి. 1800-11-2356 కు ఫోన్ చేస్తే డబ్బులు లేకుండ సలహా ఇస్తరు, తెలుగులో మాట్లాడుతరు. ఆలస్యమైంది అనుకోకండి. 2020లో ఊపిరితిత్తుల కణాలు ఒక్కొక్కటిగ తీసి చూసిన్రు. మానేసినవాళ్లలో, పొగ దెబ్బ దాదాపు తగలని కణాలు, ఇంకా తాగుతున్నవాళ్లలో కంటే నాలుగింతలు ఉన్నయి. కొందరిలో కణాల్లో 40 శాతం దాక అట్లాంటివే. ఎక్కడనో దాగిన మంచి కణాలు పొగ ఆగంగనే పెరిగి ఆ చోటును తీసుకుంటున్నయి. నలభై ఏండ్లు తాగినవాళ్లలో కూడ.

చీటీలు ఇంకా ఉన్నయి, కానీ కరెంటు పోయేటట్టున్నది. రిపోర్టులు తెచ్చుకున్నవాళ్లు ఈ ఎడమ దిక్కు బల్ల దగ్గరికి రండి, ఒక్కొక్కటి చూస్త. ఫిల్ములు కవర్లోంచి తీసి పెట్టుకోండి. బీడీ మానాలనుకునేవాళ్లు కూడ అదే వరుసలో నిలబడండి, సిగ్గు పడకండి.